ముడి మారిన ఏడు ట్యూబులు

సోమవారం ఉదయం పదిన్నరకు అనంతపురం టవర్ క్లాక్ వెనక వీధిలో, డిటెక్టివ్ కుళ్లాయప్ప ఆఫీసు మెట్లెక్కి వచ్చిన అమ్మాయి కుర్చీ చూపించినా కూర్చోలేదు. వయసు ఇరవై ఎనిమిది దాటదు. ఎండకు కమిలిన ముఖం. సంచి పట్టీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

“సార్, నా పేరు హేమావతి. మాది ధర్మవరం. పని చేతగానిది అన్నా ఓర్చుకుందును. అబద్ధం చెప్పినావన్నారు. అది మాత్రం నేను ఓర్చుకోలేను.”

కుళ్లాయప్ప పోలీసు శాఖ వేలిముద్రల విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసి, ఆ తర్వాత సొంతంగా ఈ ఆఫీసు తెరిచిన మనిషి. తక్కువ మాట్లాడతాడు. ఆయన సహాయకురాలు అంజలి ఒకప్పటి కోర్టు టైపిస్టు, ఇద్దరు పిల్లల తల్లి. నాలుగేళ్లుగా ఆయన పరిష్కరించిన ప్రతి కేసునూ తన చేత్తో రాసిపెట్టింది. ఆయన మీద ఆమెకున్నంత నమ్మకం ఆయనకే లేదేమో. ఆమె నోటుబుక్కు తెరిచింది.

“కూర్చోమ్మా. మొదటినుంచి చెప్పు,” అన్నాడు కుళ్లాయప్ప.

ఊరి బయట ఉన్న ఒక ప్రైవేటు పరిశోధన కేంద్రంలో హేమావతి నాలుగేళ్లుగా పనిచేస్తోంది. ఆమె తండ్రి ఓబుళేసు పట్టుచీరలు నేసే మనిషి. పన్నెండేళ్ల కిందట మగ్గం దగ్గర ఆయన వేలికి చిన్న గాయమైంది. చీము పట్టింది. ఏ మందుకూ లొంగలేదు. చివరికి వేలు తీసేయాల్సి వచ్చింది. ఆ చీముకు కారణమైన సూక్ష్మజీవి పేరు స్టెఫైలోకాకస్ అని అప్పుడు విన్న పదహారేళ్ల పిల్ల, దాని అంతు చూడాలనుకుని ఆ చదువే చదివింది.

“స్టెఫైలోకాకస్‌ను మేము స్టాఫ్ అంటాం. అన్నీ చెడ్డవి కావు సార్,” అంది హేమావతి. పని గురించి మాట్లాడుతుంటే ఆమె చేతులు సంచి పట్టీని వదిలాయి. “మన చర్మం మీదా ముక్కులోనూ బతికేవి ఎన్నో ఉండాయి. చానా వరకు మనకు ఏ హానీ చేయవు. పైగా, వచ్చిన చెడ్డదానికి ఆడ తావు దొరకనీకుండా చేస్తాయి. తిండి లాక్కుంటాయి. కొన్నయితే చెడ్డ స్టాఫ్‌ను చంపే పదార్థాన్ని తామే తయారుచేస్తాయి. మన జిల్లాలో గొర్రెలు మేపేవాళ్లు, నేసేవాళ్లు, రాళ్లు కోసేవాళ్లు, మూడొందల మంది ముక్కుల్లో దూది పుల్లతో నమూనాలు తీసినా. కణేకల్ పక్క ఒకాయన దగ్గర దొరికింది సార్, నేను వెతుకుతాండేది.”

“దొరికిందని ఎట్లా తెలిసింది?”

“గాజు ప్లేటు నిండా చెడ్డ స్టాఫ్‌ను పెంచుతాం. బంగారు రంగులో పరుచుకుంటాది. దాని మధ్యలో మన బాక్టీరియాను ఒక చుక్క పెడతాం. మరుసటి రోజుకు ఆ చుక్క చుట్టూ అద్దం మాదిరి తేటగా వలయం వస్తాది. ఆ వలయంలో చెడ్డది బతకలేదని అర్థం. నెల కిందట మా డైరెక్టరు సారు ముందరే చేసి చూపించినా. మా లాబ్‌లో అందరూ చూసినారు. ఫోటోలు కూడా తీసినా.”

“ఇప్పుడు?”

“పోయిన శుక్రవారం మళ్లీ చేస్తే వలయం రాలేదు. ఏడు ట్యూబుల్లో దాచినాను సార్. ఏడూ తీసి చేసినా. ఒక్కదానికీ రాలేదు. ఆ పొద్దు చూపించింది మాయేనని, ఆ ఫోటోలు దొంగ ఫోటోలని సారు అందరి ముందరా అనేసినాడు. నన్ను లాబ్‌లోకి రావద్దన్నాడు. శనివారం హైదరాబాదు నుంచి నిపుణుల కమిటీ వస్తాది. వాళ్ల ముందర నా పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత ఏ లాబూ నన్ను గడప తొక్కనీదు.”

“ట్యూబుల్లో ఉన్నది చచ్చిపోయి ఉండొచ్చు కదా?”

“చచ్చిపోతే ఏమీ మొలవదు సార్. మొలిచింది. తెల్లగా, చూడ్డానికి నా దాని మాదిరే ఉండాది. కానీ అది నాది కాదు. విత్తనాల మూటలో ఎవరో వేరే విత్తనం పోసినారు.”

కుళ్లాయప్ప లేచి చొక్కా సర్దుకున్నాడు. “పద. ఆ మూట చూద్దాం.”

పరిశోధన కేంద్రం డైరెక్టరు డాక్టర్ నాగేశ్వర వాళ్లను ఎంతో మర్యాదగా లోపలికి పిలిచాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. గది గోడల నిండా జ్ఞాపికలు, ఫోటోలు. కుర్చీ వీపు మీద పసుపు రంగు సన్మాన శాలువా పరిచి ఉంది. దాని అంచు కుచ్చులు ఒక మూల పలచబడి ఉండటం అంజలి కంటబడింది. ఎలుక కొరికి ఉంటుందనుకుంది. గది మూలలో, తాళం వేసిన చిన్న ఫ్రిజ్ ఒకటి కొత్తగా మెరుస్తోంది.

“ఆ అమ్మాయి తెలివైనదే,” అన్నాడు నాగేశ్వర. “తొందర ఎక్కువ. పేరు కోసం లేనిది ఉన్నట్టు చూపించింది. ఆమె మీద నాకు జాలి ఉంది. కానీ సైన్సులో జాలికి చోటు లేదు. మీరు ఏం కావాలంటే అది చూసుకోండి, ఆమెను వెంట తీసుకెళ్లినా నాకు అభ్యంతరం లేదు.”

“శనివారం కమిటీకి ఏమేం చూపిస్తారు సార్?”

“మూడు అంశాలున్నాయి. హేమావతిది తీసేశాం. దాని బదులు నా సొంత సేకరణ ఒకటి చూపిస్తాను.”

“ఫ్రీజర్ తాళాలు ఎవరెవరి దగ్గర ఉంటాయి?”

“నా దగ్గర, హేమావతి దగ్గర, కిరణ్ దగ్గర. ఊడ్చి తుడిచే మారెక్క దగ్గర లాబ్ గది తాళం చెవి మాత్రమే ఉంటుంది. నా గది తాళం చెవి ఎవరికీ ఇవ్వను.”

ఫ్రీజర్ తెరవగానే తెల్లటి పొగలాగా చల్లదనం బయటికి దూకింది. పెట్టెల్లో చిటికెన వేలంత ట్యూబులు వరసగా ఉన్నాయి. ప్రతిదాని మెడకూ ఒక రంగు దారం కట్టి ఉంది.

“ఈ దారాలేంటి?” అన్నాడు కుళ్లాయప్ప.

“చలికి లేబుళ్లు ఊడిపోతాండాయి సార్. అందుకని ఊరికో రంగు పట్టుదారం కట్టినా. మా నాయన దగ్గర మిగిలిన పోగులే. ఆకుపచ్చ కొత్తచెరువు, ఎరుపు తాడిపత్రి, పసుపు కణేకల్. మొదట్లో సారు నవ్వినాడు, మగ్గం బుద్ధి యాడికీ పోదు అన్నాడు.” ఆ మాట చెబుతున్నప్పుడు హేమావతి తల కాస్త పైకి లేచింది.

కుళ్లాయప్ప జేబులోంచి భూతద్దం తీశాడు. ఆకుపచ్చ దారాలున్న ట్యూబులు చూశాడు. ఎరుపువి చూశాడు. పసుపువి ఏడింటినీ ఒక్కొక్కటిగా తిప్పి తిప్పి చూశాడు. తర్వాత బల్ల మీదున్న దారం ముక్క ఒకటి హేమావతికి ఇచ్చి, ఖాళీ ట్యూబుకు కట్టమన్నాడు. ఆమె చూడకుండానే రెండు వేళ్లతో తిప్పి లాగింది. ఆవగింజలో సగమంత ముడి పడింది.

“ఇంత చిన్న ముడా?” అంది అంజలి ఆశ్చర్యంగా.

“పెద్ద ముడి మగ్గంలో దువ్వెన మాదిరి ఉండే అచ్చు పళ్ల సందుల్లో తట్టుకుంటాది కదక్కా. పోగు తెగుతాది. మా ఇండ్లలో నడక కంటే ముందు ఈ ముడి నేర్పిస్తారు.”

కుళ్లాయప్ప ఒక పసుపు దారాన్నీ ఒక ఆకుపచ్చ దారాన్నీ కత్తిరించి, వేరువేరు కాగితాల్లో మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె ముడి వేసిన ట్యూబును కూడా తీసుకున్నాడు.

కిరణ్ గుంటూరు నుంచి వచ్చిన కుర్రవాడు. హేమావతితో పాటే చేరాడు. ప్రశ్న వేయకముందే ముఖం గంటు పెట్టుకున్నాడు.

“నన్నే అనుమానిస్తారని తెలుసు సార్. ఇక్కడ ఒక్కటే పర్మనెంటు పోస్టు ఉంది. అది నాకు రావాలని నేనూ అనుకున్నాను. మేమిద్దరం పోట్లాడుకున్నాం కూడా.”

“అయితే ఆమె చెప్పేది అబద్ధమా?”

కిరణ్ తల అడ్డంగా ఊపాడు. “కాదండీ. నెల కిందట ఆ వలయం నా కళ్లతో చూశాను. స్కేలు పెట్టి కొలిచింది నేనే. పద్దెనిమిది మిల్లీమీటర్లు. కమిటీ అడిగితే అదే చెబుతాను. పోస్టు పోతే పోతుంది.”

మారెక్క గాజు సామాను కడుగుతూ తల తిప్పకుండానే మాట్లాడింది. “ఏమప్పా, తాళం నా దగ్గర ఉండాదని నన్ను కూడా అడుగుతాండావా? ఆ పెట్టెను తాకాలంటేనే నాకు భయం. చేయి అంటుకుపోతాది. ఆ పాప శానా మంచిది. రాళ్లు కొట్టే మా ఆయన ముక్కులో కూడా పుల్ల పెట్టి చూసింది, అయ్యా అని పిలిచి మరీ.”

“ఆదివారాలు ఎవరొస్తారు ఇక్కడికి?”

“సారు అప్పుడప్పుడు వస్తాడు. కిరణు కూడా వస్తాడు. నేను గేటు తీసి పోతా, లోపల ఎవరేం చేస్తాండారో నాకేం తెలుసు?”

సాయంత్రం ఆఫీసులో కుళ్లాయప్ప అగ్గిపెట్టె తీశాడు. ముందు ఆకుపచ్చ దారాన్ని అంటించాడు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. చివర నల్లటి బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోయింది. తర్వాత పసుపు దారాన్ని అంటించాడు. అది జరజరా కరిగి, చివర గట్టి గుండులా మిగిలింది.

“ఇది పట్టు కాదు సార్!” అంది అంజలి.

“ధర్మవరంలో చీర కొనేవాళ్లు ఎవరైనా చేసే పరీక్షే ఇది. రేపు ఉదయం ఆరింటికి కణేకల్ పోతున్నాం. డిగ్రీ కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం చెప్పే జ్యోతిలక్ష్మి మేడమ్‌ను కూడా రమ్మని అడుగు. పుల్ల పట్టుకునేది ఆమే. హేమావతి దాన్ని తాకకూడదు.”

“ఏ పుల్ల సార్?”

కుళ్లాయప్ప నవ్వాడు. “దొంగ ట్యూబులు మార్చాడు అంజలీ. మనిషి ముక్కును మార్చలేడు కదా.”

అంజలి ఆ వాక్యాన్ని నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీసింది.

కాలువ నీళ్లు అందని పక్క, కణేకల్‌కు పది కిలోమీటర్ల దూరంలో ఎర్రటి బీడులో వెంకటరాముడి గొర్రెలు మేస్తున్నాయి. భుజాన కంబళి, చేతిలో కర్ర. హేమావతిని చూడగానే ఆయన ముఖం వెలిగింది.

“ఏమమ్మా, మళ్లీ ముక్కులో పుల్ల పెడతావా? పోయినసారి మధ్యాహ్నం దాకా తుమ్ములు నిలబడలేదు.”

“ఈసారి ఈ మేడమ్ పెడతారు పెదనాయనా. నీ దగ్గర నేను తీసుకుపోయింది ఎవరో కాజేసినారు.”

“నా ముక్కులోది కాజేసినారా?” ఆయన పగలబడి నవ్వాడు. “దాంట్లో ఏముందని?”

పక్కనే ఉన్న ఆయన భార్య గంగాదేవి నవ్వలేదు. “ఏముందో నాకు తెలుసు. ఈయనకు ముల్లు గుచ్చుకున్నా, పొట్టేలు పొడిచినా, గాయం తడి ఆరితే మానిపోతాది. చీము పట్టింది నేను చూడలేదు. ఈయన అన్నకేమో ఏటా సెగగడ్డలే. ఇద్దరూ ఒకే గుడిసెలో పెరిగినోళ్లు. ఆ తేడా యాడనో ఉండాలి కదా సారూ? ఈ పాప వచ్చి అడిగిందాకా ఎవరూ ఆ మాట అడగలేదు.”

జ్యోతిలక్ష్మి కొత్త పొట్లం చింపి పుల్ల తీసింది. ఒక్కో ముక్కు రంధ్రంలో మెల్లగా తిప్పి, గొట్టంలో పెట్టి మూసింది. మూత మీద కాగితం చుట్టి, తాను సంతకం చేసి, కుళ్లాయప్ప చేత, అంజలి చేత సంతకాలు చేయించింది. హేమావతి పది అడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. వెంకటరాముడు ఏడుసార్లు తుమ్మాడు.

“శనివారం అనంతపురానికి రావాలి పెద్దాయనా,” అన్నాడు కుళ్లాయప్ప.

“గొర్రెల్ని ఎవరు చూస్తారు?”

“నేను చూస్తాలే, నువ్వు పో,” అంది గంగాదేవి.

శనివారం ఉదయం పదకొండుకు పరిశోధన కేంద్రం సమావేశ మందిరంలో కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు ప్రొఫెసర్ రామసుబ్బమ్మ. డెబ్బై ఏళ్ల మనిషి, తెల్లటి జుట్టు, పదునైన చూపు. డైరెక్టరు నాగేశ్వర పసుపు శాలువా భుజాల మీద నిండుగా కప్పుకుని స్వాగతం చెప్పాడు. కిరణ్ ఒక పక్క, తలుపు దగ్గర మారెక్క. వెనక వరసలో హేమావతి, ఆమె పక్కన తండ్రి ఓబుళేసు, ఇంకో కుర్చీలో వెంకటరాముడు ఉన్నారు. కుళ్లాయప్పను చూసి నాగేశ్వర ముఖం చిట్లించాడు గానీ, రామసుబ్బమ్మ అప్పటికే అనుమతి ఇచ్చేసింది. జ్యోతిలక్ష్మి ముందురోజే ఆమెకు ఫోను చేసింది.

“అమ్మా, నాకు సైన్సు రాదు,” అని మొదలుపెట్టాడు కుళ్లాయప్ప. “నాకొచ్చింది మనుషుల చేతులు చూడటం. ఒక అమ్మాయి అబద్ధం చెప్పిందన్నారు. ముందు ఆ సంగతి తేలుద్దాం.”

జ్యోతిలక్ష్మి రెండు గాజు ప్లేట్లు బల్ల మీద పెట్టింది. రెండింట్లోనూ చెడ్డ స్టాఫ్ బంగారు రంగులో పరుచుకుని ఉంది. మొదటి దాని మధ్యలో తెల్లటి చుక్క ఉంది, దాని చుట్టూ ఏమీ లేదు. అది ఫ్రీజర్‌లోని పసుపు దారం ట్యూబునుంచి, కిరణ్ చూస్తుండగా ఆమె తీసుకున్నది. రెండోదాని మధ్యలో కూడా తెల్లటి చుక్కే. కానీ దాని చుట్టూ రూపాయి బిళ్లకన్నా తక్కువ వెడల్పున, అద్దంలా తేటగా ఒక వలయం.

“ఇది ఎక్కడిది?” అంది రామసుబ్బమ్మ, ముందుకు వంగి.

“మంగళవారం కణేకల్ దగ్గర ఈయన ముక్కులోంచి నేనే తీశాను మేడమ్,” అంది జ్యోతిలక్ష్మి. “హేమావతి చేయి ఎక్కడా పడలేదు. రెండు రోజులు పెంచి, విడదీసి, గురువారం పెట్టాను. పొద్దున వలయం కొలిచాను. పద్దెనిమిది మిల్లీమీటర్లు.”

కిరణ్ గట్టిగా ఊపిరి వదిలాడు. “నెల కిందట నేను కొలిచింది కూడా అంతే మేడమ్.”

“కాబట్టి అమ్మాయి నిజమే చెప్పింది,” అన్నాడు కుళ్లాయప్ప. “అంటే ట్యూబులు మారాయి. ఎవరు మార్చారు? ఈ పిల్ల కట్టే ముడి చూడండి.” ఆయన ఖాళీ ట్యూబును రామసుబ్బమ్మకు ఇచ్చాడు. “ఆకుపచ్చవి, ఎరుపువి అన్నిటికీ ఇదే ముడి. పసుపువి ఏడింటికి మాత్రం మనం మూటకు వేసే పీటముడి. మంచు పట్టి ఉండటంతో శుక్రవారం అది ఆమె కంట కూడా పడలేదు. నేతవాళ్ల ముడి ఒకసారి బిగిస్తే విప్పడం కుదరదు, కత్తిరించాల్సిందే. కత్తిరించిన ముక్క మళ్లీ కట్టడానికి చాలదు. కాబట్టి కొత్త ట్యూబులు పెట్టినవాడికి అప్పటికప్పుడు పసుపు దారం కావలసి వచ్చింది. ఒక దారం కాల్చి చూశాను. అది పట్టు కాదు, కరిగిపోయింది. నాగేశ్వర గారూ, ఒకసారి మీ శాలువా ఇస్తారా?”

నాగేశ్వర కదల్లేదు. “ఇదేం వెటకారం?”

“ఎడమ అంచు మూల కుచ్చుల్లో పోగులు తక్కువయ్యాయి. మొన్న మీ కుర్చీ మీదే చూశాం. మీ గది తాళం చెవి ఎవరికీ ఇవ్వనని మీరే అన్నారు.”

 ఓబుళేసు లేచి ముందుకు వచ్చాడు. నలభై ఏళ్లు దారం పట్టిన చేయి అది, ఒక వేలు లేకపోయినా. శాలువా అంచును బొటనవేలితో రుద్ది, కిరణ్ అందించిన పసుపు దారం ట్యూబును పక్కన పెట్టి చూశాడు.

“రెండూ ఒకటే పోగు సామీ,” అన్నాడు. “ఒకే పురి, ఒకే రంగు. సన్మానాలకు కప్పే నకిలీ పట్టు.”

“ఇలాంటి శాలువాలు ఊళ్లో వెయ్యి ఉంటాయి!” అని నాగేశ్వర గొంతు పెంచాడు. “నేనెందుకు చేస్తాను? నా సొంత సేకరణ నాకుంది. దానికీ వలయం వస్తుంది, కావాలంటే ఇప్పుడే చూపిస్తాను.”

“సంతోషం,” అన్నాడు కుళ్లాయప్ప. “కాజేసింది చంపడానికి కాదు, పేరు మార్చడానికి. అందుకే అది మీ గదిలోని కొత్త ఫ్రిజ్‌లో క్షేమంగా ఉంటుందని నేనూ అనుకున్నాను. ఒక్కటే అడుగుతాను. హేమావతి బాక్టీరియా ఎవరి దగ్గర దొరికిందో ఆ మనిషి అదిగో, కూర్చుని ఉన్నాడు. మీది ఎవరి దగ్గర దొరికింది? ఆ మనిషి పేరు చెప్పండి. ఏ ఊరైనా సరే, ఇప్పుడే పోయి తీసుకొస్తాను.”

నాగేశ్వర శాలువాను భుజాల మీదికి లాక్కున్నాడు.

“పేరు లేకపోయినా పర్వాలేదు,” అంది రామసుబ్బమ్మ మెల్లగా. “మీ ట్యూబులోదాన్నీ ఈయన ముక్కులోదాన్నీ జన్యుపరీక్షకు పంపిస్తాను. వారంలో తేలుతుంది. పంపించమంటారా?”

ఆయన భుజాలు జారిపోయాయి. ఫ్రిజ్ తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాడు.

“ముప్పై ఏళ్లు పనిచేశాను,” అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. “సన్మానాలు వచ్చాయి. నాది అని చెప్పుకోదగింది ఒక్కటీ రాలేదు. ఆ వలయం చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఒక ఆదివారం వచ్చి మార్చాను. నా చర్మం మీదిదే ఏదో తెల్లగా ఉన్నది నింపాను.” వెనక వరసకు తిరిగి, “అమ్మా హేమావతీ, అది చాలా మంచి పని,” అన్నాడు.

“ఆ మాట నెల కిందటే చెప్పుంటే చాలు సార్,” అంది హేమావతి. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. 

ఆయన శాలువా అక్కడే వదిలి బయటికి నడిచాడు. మారెక్క దారి ఇచ్చింది. ఆయన గదిలోని ఫ్రిజ్ తెరిస్తే అసలు ట్యూబులు ఏడూ దొరికాయి. ఆరోపణ తప్పని, ఆవిష్కరణ హేమావతిదేనని కమిటీ అక్కడికక్కడే రాసి సంతకాలు చేసింది. సాక్షిగా మొదటి సంతకం కిరణ్‌ది.

“ఇది మందుగా మారడానికి ఇంకా ఏళ్లు పడుతుంది,” అంది రామసుబ్బమ్మ హేమావతితో. “నువ్వు అలసిపోకూడదు.”

“మా నాయన ఒక్కో చీర మీద పదిహేను రోజులు కూర్చునేవాడు మేడమ్. మాకు అలవాటే.”

మెట్ల మీద అంజలి ఇక ఆగలేకపోయింది. “సార్, ముడి చూసిన క్షణంలోనే మీకు తెలిసిపోయింది కదా?”

“ట్యూబులు మారాయని తెలిసింది. ఎవరో తెలీదు. కుచ్చులు చూసింది నువ్వే. కారులో నువ్వు ఎలుకల సంగతి ఎత్తకపోతే నాకు శాలువా గుర్తొచ్చేది కాదు. అది కూడా రాసుకో.”

అంజలి రాసుకోలేదు. ఆ మాటను మనసులోనే దాచుకుంది.

లోపల రామసుబ్బమ్మ వెంకటరాముడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. “అయ్యా, నీ దగ్గర దొరికినదాన్ని ప్రపంచమంతా చూస్తుంది. పత్రికల్లో రాస్తాం. నీకు ఇష్టమేనా? ఇష్టం లేకపోతే ఆపేస్తాం.”

వెంకటరాముడు గాజు ప్లేటును వెలుతురుకు ఎత్తిపట్టి, ఆ తేట వలయంలోంచి కిటికీ బయటికి చూశాడు. చాలాసేపు చూశాడు.

“రాయండమ్మా. నా పేరు లేకున్నా పోనీ. ఊరి పేరు మాత్రం రాయండి. మా పక్కనుంచి కరువు తప్ప ఇంకేమీ రాదని అంటాంటారు.”

హేమావతి కలం తీసి, రికార్డు పుస్తకంలో మొదటి పేజీ తెరిచి, ముందు ఆ ఊరి పేరు రాసింది. దాని కింద ఆయన పేరూ రాసింది.